ముఖసంధాన విద్యాగురువు సుశ్రుత మహర్షి

రామాయణకథ తెలిసిన ప్రతి గృహమునందును శూర్పణఖ ముక్కు చెవులు కోల్పోయిన ఘట్టము తెలియును. పూర్వకాలమున నాసికాచ్ఛేదము రాజదండనలలో నొకటి. యుద్ధమున పట్టుబడినవారికిని ఒక్కొక్కప్పుడు ఈ గతి పట్టెడిది. గాయము మానినను అవమానము మానెడిది కాదు. అట్టివాడు నలుగురిలో తలయెత్తి తిరుగలేడు. వంగిన ఆ తలను మరల ఎత్తించు విద్యను శాస్త్రముగా నిలిపిన మహనీయుడు సుశ్రుతుడు.

ఈయన విశ్వామిత్రుని కుమారుడు. మహాభారతమున ఆనుశాసనిక పర్వమునందు విశ్వామిత్ర పుత్రుల నామములలో ఈయన నామము కలదు. దేవతల జరారోగములను బాపిన ధన్వంతరియే శల్యశాస్త్రమును బోధించుటకై కాశీరాజగు దివోదాసుడై భూమిపై నవతరించెనని సంహిత చెప్పుచున్నది. దివోదాసుడు వానప్రస్థమున ఆశ్రమవాసియై యుండగా ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు మున్నగు సహాధ్యాయులతో సుశ్రుతుడు ఆయనను ఆశ్రయించెను. అయినవారు ఉండియు దిక్కులేనివారివలె రోగపీడితులై అలమటించు జనులను చూచి ఓర్వలేక వచ్చితిమని వారు విన్నవించుకొనిరి. ఆయుర్వేదాంగములు ఎనిమిదింటిలో దేనిని బోధింపవలెనని గురువు అడుగగా అందరును శల్యతంత్రమునే కోరిరి. తమ అందరి పక్షమున ప్రశ్నించుటకు సుశ్రుతుని ముందుంచిరి. అట్లు విన్నదియే సుశ్రుతసంహిత. మొదటి ఐదు స్థానములందు 120 అధ్యాయములును, ఉత్తరతంత్రమున 66 అధ్యాయములును గలవు.

శస్త్రము పట్టుటకు ముందు చేయి కుదురవలెనని సుశ్రుతుని నియమము. శాస్త్రము ఎంత చదివినను అభ్యాసము లేనివాడు రోగిని ముట్టరాదు. గుమ్మడి, ఆనప, దోస మున్నగు కాయలపై కోయుట నేర్వవలెను. మెత్తని తోలు అంచులపై కుట్టుట నేర్వవలెను. మనుష్యాకృతి గల బొమ్మలకు కట్లు కట్టి చూడవలెను. చెవి అతుకుట నేర్చుటకు మృదువైన మాంసఖండములు, తామరతూండ్లు చెప్పబడినవి. 101 యంత్రములను, 20 శస్త్రములను వర్ణించిన ఆచార్యుడు యంత్రములన్నిటిలో హస్తమే ప్రధానమని నిర్ణయించుట గమనింపదగినది.

ముఖావయవముల కొలతలను ఆయన అంగుళములలో నిరూపించెను. గడ్డము రెండంగుళములు, ముక్కు నాలుగు, చెవి నాలుగు, నుదురు నాలుగు. ఎవని అంగుళము వానికే ప్రమాణము. అక్కడ ఈ కొలతలు రోగి ఆయుర్దాయమును, బలమును అంచనా వేయుటకు చెప్పబడినవి. అయినను కంటికి తోచినదానిని నమ్మక కొలిచి తెలిసికొనుమను ఆ బుద్ధి చికిత్సకును మూలమైనది.

ఇక దవడ విషయము. ఇంద్రుని వజ్రఘాతముచే హనువు భగ్నమైనందుననే ఆంజనేయునకు హనుమంతుడను పేరు వచ్చెను. హనువనగా దవడయని ఆ నామము స్మరించు భక్తులలో ఎందరికి తెలియును! దవడకీలు తప్పినప్పుడు స్వేదనము చేసి, ఎముకలను చేతితో యథాస్థానమునకు తెచ్చి, పంచాంగీ యను కట్టు కట్టి, వాతహరములును మధురములును అగు ఓషధులతో కాచిన నేతిని నస్యముగా ఇయ్యవలెనని సుశ్రుతుని విధానము. పెరుగుదలలో వంకరపోయిన దవడను నేటి శస్త్రవైద్యులు ఛాయాచిత్రములతో కొలిచి, ఎముకను కోసి జరిపి, లోహపు పలకలతో బిగించుచున్నారు. అదియు సంహితలో కలదని కొందరు ఉత్సాహముతో చెప్పుదురు. లేనిదానిని అంటగట్టుట ఋషికి గౌరవము కాదు. ఉన్నదియే చాలినంత కలదు.

ఉన్నదేమనగా: తెగిన ముక్కుకు సరిపడునట్లు ఒక ఆకును కత్తిరించి, ఆ కొలతకు చెంపనుండి చర్మమును లేవనెత్తవలెను. దాని మూలము తెగరాదు. ముక్కుమొనను గీచి పచ్చిచేసి, చర్మమును త్వరగా అతికి, శ్వాసకై రెండు గొట్టములను అమర్చి పైకెత్తవలెను. పతంగము, యష్టిమధుకము, అంజనము చూర్ణముగా చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెను. మానిన పిమ్మట ముక్కు కురుచయైనచో పెంచవలెను, అధికముగా పెరిగినచో సరిచేయవలెను. పెదవికిని ఇదియే పద్ధతి, గొట్టములు మాత్రము అక్కరలేదు. చెవితమ్మెలను అతుకుటకు 15 విధములు చెప్పెను.

సంహిత అబ్బాసీయుల కాలముననే అరబ్బీలోనికి అనువదింపబడెను. స్వదేశమున డల్హణుడు వ్యాఖ్య రచించెను. కాని ముక్కు అతుకు విద్యను శతాబ్దులపాటు చేతులలో కాపాడినవారు గ్రంథమెరుగని కులవృత్తులవారు. పండితులు శస్త్రమును విడిచిన కాలమున అది వారియొద్ద నిలిచినది.

1792 నాటి మైసూరు యుద్ధమున ఆంగ్లసైన్యపు ఎడ్లబండి తోలువాడు కావస్జీ టిప్పు సైనికులకు చిక్కి ముక్కు కోల్పోయెను. పూనాలో ఇటుకలు చేయువారి కులమునకు చెందిన ఒకడు వానికి నూతన నాసికను అమర్చెను. ఆకునకు బదులు పలుచని మైనపు రేకుతో కొలత తీసెను. చెంపకు బదులు నుదుటి చర్మమును దించెను. ఆ వృత్తాంతము 1794లో లండన్ పత్రికయందు ప్రకటితమయ్యెను. దానిని చదివిన జోసెఫ్ కార్ప్యూ అను వైద్యుడు శవములపై అభ్యసించి, 1814లో అచ్చటనే ఒక సైనికాధికారికి అదే విధమున ముక్కును నిర్మించి, 1816లో గ్రంథము వెలువరించెను.