గప్పీ

వికారాబాదులోనైనా హైదరాబాదులోనైనా ఇంట రంగుచేపలు పెంచదలచినవారు సాధారణంగా మొదట కొనేది గప్పీలనే. ఆ పేరు నిజానికి ఒక మనిషిది.

రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ 1836లో లండనులో జన్మించారు. తండ్రి న్యాయవాది, తల్లి అమీలియా చిత్రకారిణి. బాల్యం ఇంగ్లండులోని కిన్నర్స్‌లీ కోటలో, తాతగారింట గడిచింది. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఆయన ఇల్లు విడిచారు. 1856లో న్యూజీలాండు తీరాన ఓడ పగిలిపోగా, ప్రాణాలతో బయటపడి మావోరీల నడుమ రెండేళ్లు జీవించారు. ఆ ప్రాంతపు పటాలు కూడా గీశారు.

అటుపిమ్మట తల్లిదండ్రులున్న ట్రినిడాడ్ దీవిని చేరి, పాఠశాలల తనిఖీ అధికారి అయ్యారు. మద్రాసు రేవు నుండి మనవారు కొందరు కూలీలుగా ఆ దీవికే వెళ్లిన కాలమది. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు క్రమమైన శిక్షణ లేదు. అయినను తీరికవేళల్లో నత్తగుల్లలను, శిలాజాలను సేకరించి వ్యాసాలు ప్రకటించారు.

అక్కడి సెలయేళ్ల నుండి పట్టిన చిన్న చేపలను ఆయన లండనులోని బ్రిటిష్ మ్యూజియానికి పంపారు. 1866లో గుంథర్ అనే శాస్త్రవేత్త వాటిని కొత్తజాతిగా భావించి గప్పీ పేరు పెట్టాడు. కాని 1859లోనే పీటర్స్ అనే జర్మన్ పండితుడు వెనిజులా చేపలను చూసి వాటికి పేరుపెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది శాస్త్రనియమం. అందుచేత గప్పీ పేరు గ్రంథాలలో నిలువలేదు. జనం మాత్రం దానిని విడువలేదు.

ఈ చేప గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. సుమారు నెలకొక కాన్పు. ఒక్క కలయికతోనే ఆడచేప పలుమార్లు ఈనగలదు. తొట్టిలో నాచుమొక్కల చాటు లేకపోతే తన పిల్లలను తానే మింగుతుంది. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియాకు దోమ కారణమని నిరూపించిన తరువాత, దోమ లార్వాలను తినే చేపలకు గిరాకీ పెరిగింది. అలా గప్పీని అనేక దేశాల చెరువులలో వదిలారు. మన దేశానికీ అది వచ్చింది. కొన్నిచోట్ల స్థానిక చేపలకు అది బెడదగానూ మారింది. అనంతగిరిలో పుట్టే మూసీవంటి ఏటిలో దీనిని వదలడం తగదు.

గప్పీ 1916లో, ఎనభైయవ ఏట, ట్రినిడాడ్‌లోనే మరణించారు. ఆయన శాస్త్రశ్రమలో చాలాభాగం నత్తగుల్లల, శిలాజాల మీదనే. వాటి సంగతి నేడు భూగర్భశాస్త్రజ్ఞులకే తెలుసు.