వాల్ట్ డిస్నీ

పిల్లలూ, మీలో చాలామంది డిస్నీ పార్కు చూసే ఉంటారు. దాన్ని కట్టించిన వాల్ట్ డిస్నీ 1901లో అమెరికాలోని చికాగోలో జన్మించాడు. చిన్నప్పుడు అన్నయ్య రాయ్‌తో కలిసి తెల్లవారకముందే లేచి ఇంటింటికీ పేపర్లు వేసేవాడు. పెద్దయ్యాక బొమ్మల సినిమాలు తీశాడు. మిక్కీ మౌస్ సంగతి మీకు తెలిసిందే.

వాల్ట్‌కి ఇద్దరు కూతుళ్ళు. సెలవు రోజుల్లో వాళ్ళని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడు. వాళ్ళు గుర్రాల రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద ఊరికే కూర్చునేవాడు. ఇప్పుడు మీ అమ్మానాన్నలు కూర్చుంటారు కదా, అలాగే! పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండాలనిపించింది. చేతిలో అంత డబ్బు లేదు. చివరికి తన జీవిత బీమా మీద కూడా అప్పు చేశాడు. కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో నారింజ తోటలు కొని, ఏడాదిలో డిస్నీల్యాండ్ కట్టించాడు.

1955 జూలై 17న తెరిచారు. ఆ రోజు ఒకటే ఎండ. తాగడానికి నీళ్ళ కుళాయిలు చాలలేదు. కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ళ హైహీల్స్ దిగబడిపోయాయి. పేపర్లు తిట్టిపోశాయి. అయినా రెండు నెలలు తిరగకుండానే పది లక్షల మంది వచ్చారు!

తర్వాత ఇంకా పెద్ద పార్కు కోసం ఫ్లోరిడాలో భూమి కొన్నాడు గానీ, 1966లో మరణించాడు. అప్పటికే ముసలివాడైన రాయ్ దాన్ని పూర్తి చేయించి, 1971లో తెరిచాడు. తమ్ముడి పూర్తి పేరు కలిసేలా దానికి వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పేరు పెట్టాడు.