సముద్రయాత్రికుల కభయమిచ్చిన ఓరుగంటి ప్రభువు

హుజూర్‌నగర్ సీమకు సముద్రముతో నేమి సంబంధమని యడిగినచో ఎవరికైనను వెంటనే సమాధానము తోచదు. చుట్టును సున్నపురాతి నేలలు, చెరువుల క్రింది వరిమళ్లు. దక్షిణపు టెల్లగా మట్టపల్లి కడ కృష్ణవేణి. ఆ నది యచ్చటినుండి బెజవాడ మీదుగ సాగి హంసలదీవి వద్ద కడలిని గలియును. సంబంధ మింతియే యని తోచును. కాని ఈ మెట్టసీమల బలముతోనే పెరిగి, ఏటివాలున తీరమునకు దిగి, ఓడ నెక్కిన పరదేశికి సైతము ప్రాణధనములకు భరోసా నిచ్చిన ప్రభు వొకడు సుమారు ఎనిమిది శతాబ్దుల క్రింద నుండెను. అతడే కాకతి గణపతిదేవుడు. చెరువులు త్రవ్వించినవానిగ, రుద్రమదేవి తండ్రిగ అతని నెఱుగని విద్యార్థి యుండడు. సముద్రయాత్రికుల బంధువుగ నెఱిగినవారు మాత్రము కొందరే.

ఆ కాలమున ఓడ నెక్కుట యనగా ప్రాణము నొడ్డుటయే. ప్రయాణికులకు వేరు నౌకలు, సరకులకు వేరు నౌకలు లేవు. వర్తకుడు తన మూటలతోడనే పయనించెడివాడు. ఓడ మునిగిన నతడును మునుగును. అతనికి మూడు భయము లుండెడివి. మొదటిది పెనుగాలి. రెండవది ఓడదొంగలు. మూడవది విన్నవారికి వింతగ నుండును: తీరమున గొడుగుక్రింద గూర్చున్న రాజు.

రెండవ భయమును గూర్చి వెనిసు నగరవాసి మార్కోపోలో వ్రాసిన వర్ణన యున్నది. మలబారు, ఘూర్జర తీరములలో ఓడదొంగలు ఇరువది ముప్పది నౌకలను ఐదారు మైళ్ల యెడముగ నిలిపి, నూరుమైళ్ల కడలిని వల పన్నినట్లు చుట్టువేసెడివారట. వర్తకనౌక యొకటి కంటబడిన వెంటనే మంటతోనో పొగతోనో ఒకరికొకరు సంజ్ఞ చేసికొని అందరు నొకచో గూడెడివారట. దోచుకొనిన పిదప వర్తకుని జంపక, మరల సంపాదించుకొని తమ చేతికే చిక్కుమని సాగనంపెడివారట. వ్యవసాయదారుడు చేనును కోసికొని మోళ్లను వదలినట్లున్నది వారి నీతి!

మూడవ భయ మింతకంటె ఘోరము. గాలివానకు చిక్కి, చుక్కాని విరిగి, ఓడ యేదో యొక పరాయి తీరమునకు కొట్టుకొని వచ్చినదనుకొనుడు. అందలి ధనమంతయు ఆ తీరమును పాలించు రాజుది. ఇది దొంగతనము కాదు, ఆచారము. పశ్చిమతీరమున ఏలి యను రాజ్యములో మరియొక దేశమునకు పోవలసిన ఓడ దారితప్పి వచ్చినచో, దైవమే దానిని తమకు పంపెనని చెప్పి జనులు సర్వము నపహరించెడివారని మార్కోపోలోయే వ్రాసెను. ఓడ మునుగుటయే పాలకునకు లాభమైనపుడు, మునుగుచున్నవానికి చేయి చాచువా డెవడు? కడలిదొంగకు పడవ కావలెను, తెగువ కావలెను. ఈ దొరకు రెండును అక్కఱలేదు.

కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున నౌకాధ్యక్షుని విధులు చెప్పుచు, హింసకు దిగు నౌకలను నాశము చేయవలెననియు, గాలికి చిక్కి వచ్చిన నావను తండ్రివలె ఆదరింపవలెననియు, నీట తడిసిన సరకుపై సుంకము విడువవలెను లేదా సగము మాత్రమే గొనవలెననియు విధించెను. శాస్త్రము అట్లుండగ ఆచారము వేరుదారి బట్టెను. దానిని మరల శాస్త్రపు దారికి ద్రిప్పినవాడు గణపతిదేవుడు.

అతని బాల్యము సుఖముగ గడచినది కాదు. పెదతండ్రి రుద్రదేవుడు దేవగిరి యాదవులతోడి పోరున కూలెను. తండ్రి మహాదేవుడును ఆ యాదవుల మీదికే దండెత్తి యుద్ధమున మరణించెను. గణపతి శత్రువునకు బందీగ చిక్కెను. ఓరుగంటికి రాజు లేడు; రాజు కావలసినవాడు పగవాని చెరలో నున్నాడు. సామంతులు తలయెత్తిరి. ఆ సంకటమున రాజ్యభారమును భుజముల కెత్తుకొని నిలిపినవాడు రేచర్ల రుద్రసేనాని. 1213లో పాలంపేట రామప్పగుడిని కట్టించిన రుద్రు డితడే. రేచర్లవారి మరియొక శాఖ నేటి సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి నేలినది. అచ్చటి యెఱకేశ్వరాలయము 1208 నాటిది. గణపతిదేవుని సింహాసనము తొలినాళ్లలో నిలిచినది ఇట్టి మెట్టసీమల దొరల విశ్వాసము మీదనే యనుట అతిశయోక్తి కాదు.

1199 ప్రాంతమున యాదవప్రభువు జైతుగి అతనిని విడిచిపుచ్చెను. దయతో విడిచి రాజ్యమున నిలిపెనని యాదవుల శాసనములు చెప్పుచున్నవి. దయయో రాజనీతియో, పరాయివాని చేతజిక్కి, దిక్కులేక, అతని కృపవలన బ్రదికి వచ్చుట యెట్టిదో గణపతి యెఱుగును. నలువదియైదేండ్ల తరువాతి శాసనమునకు ఈ యనుభవమే కారణమని చెప్పుటకు ఆధారము లేదు గాని, ఆ శాసనము చదువునపుడు ఈ చెఱ జ్ఞప్తికి రాక మానదు.

విడుదలయైన రెండేండ్లకే అతని చూపు తూర్పునకు మరలెను. 1201 ప్రాంతమున బెజవాడ చేజిక్కెను. ఆపైన కృష్ణ సాగరమున గలియు దివిసీమ. దాని నేలుచున్న అయ్యవంశీయుడు పిన్నచోడుడు లొంగిపోయెను. గణపతి అతనిని తుడిచిపెట్టలేదు. అతని కూతుండ్రు నారమాంబను, పేరమాంబను వివాహమాడి, బాలుడైన కుమారుని జాయపను తనవెంట గొనిపోయి గజసేనకు అధిపతిగ తీర్చెను. ఆ జాయపసేనానియే 1253-54లో నృత్తరత్నావళిని రచించెను. 1231 నాటి శాసనముగల దివిసీమలోని గణపేశ్వరాలయము అతడు ప్రభువు పేర నెత్తించినదే. వెలనాటి పృథ్వీశ్వరుని విషయమున మాత్రము ఇట్టి దాక్షిణ్యము కనబడదు. ఆ పోరున పృథ్వీశ్వరుడు హతుడయ్యెను. అతని తల బంతిగ నాడుకొన్న వీరుడని బిరుదము చెప్పించుకొనుటకు గణపతి జంకలేదు. అభయశాసనకర్త యనగానే అతనిని మెత్తనివానిగ నూహించుట పొరపాటు.

వెలనాడుతో కృష్ణకు దక్షిణమున నున్న తీరమును, మోటుపల్లి రేవును కాకతీయుల యధీనమయ్యెను. ఓరుగంటి కోటకు రేవుతో పని యేమి? పని కలదు. దక్కను రాజుల బలమంతయు గుఱ్ఱములలో నుండెడిది. మేలుజాతి గుఱ్ఱములు అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై రావలసినవే. ఏనుగులును, కర్పూరమును, పట్టునూలును, రాగియు సముద్రము మీదనే వచ్చెడివి. తెలుగునాటి సన్నని వస్త్రములు ఆ దారినే పోవలెను. రేవుకు వర్తకుడు రానిచో కోటలో సైన్యము లేదు, ఖజానాలో ధనము లేదు. వర్తకుడో, మూడు భయములతో ఎచట దిగవలెనో తెలియక దిక్కులు చూచుచుండెను.

శాలివాహనశకము 1166, అనగా 1244-45 సంవత్సరమున, మోటుపల్లి వీరభద్రాలయ ప్రాంగణమున గణపతిదేవుడు సంస్కృతాంధ్రములలో ఒక స్తంభశాసనము వేయించెను. దాని సారమిది. పూర్వరాజులు, ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు గాలివాన పాలై విరిగి తీరమున బడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగ హరించుచుండిరి. ధనము ప్రాణముకంటెను విలువైనదని తలచి సముద్రయానమను మహాసాహసమునకు ఒడిగట్టినవారిపై దయచేతను, కీర్తికిని, ధర్మమునకును, తాము నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నాము. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు. చందనము, పచ్చకర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మున్నగువానికి సుంకపు రేట్లు విడివిడిగ చెక్కబడినవి.

ఈ శాసనమున దయకంటె మెచ్చదగినది ఆ రేట్ల పట్టిక. దయ రాజు మనస్సుపై నాధారపడును. రాతిపై చెక్కిన అంకె అట్లుకాదు. సుంకరి యెక్కువ అడిగినచో వర్తకుడు స్తంభమువంక వ్రేలు చూపగలడు. తనకు ముందున్న రాజులు చేసినది అన్యాయమని దాపరికము లేక చెప్పుకొనుటయు రాజశాసనములలో తఱచుగ కానరాదు. ఓడ పగిలిన నాడు దొరకు పెద్దమొత్తము కంటె ఏటేట నిలకడగ వచ్చు చిన్నపాలు మేలని గ్రహించిన వణిగ్బుద్ధియు నిందు లేకపోలేదు. అదియు ప్రభులక్షణమే.

ఇంగ్లండులో ఎడ్వర్డు రాజు 1275లో వెస్టుమినిస్టరు చట్టము చేసెను. మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని బ్రదికి బయటపడినచో ఆ ఓడను దిక్కులేనిదిగ నెంచరాదనియు, ఏడాది మీద నొక దినములోపల యజమాని వచ్చి తనదని ఋజువు చేసినచో సరకు నీయవలెననియు దానిలో విధించిరి. మోటుపల్లి శాసనము దానికి ముప్పదియేండ్లు ముందటిది. పైగా ఇచ్చట పిల్లి బ్రదుకవలసిన నియమము లేదు.

అయినను ఈ యభయమునకు హద్దు గలదు. అది తీరమునకే చెల్లును, నడిసముద్రమున చెల్లదు. ఓడదొంగల వలను చీల్చుటకు ఓరుగంటి ప్రభువు చేయగలిగినది శాసనమున గానరాదు. నడికడలి భయము నేటికిని పూర్తిగ తీరలేదు. 1985లో ఆకిలే లౌరో యను విహారనౌకను ఈజిప్టు తీరమున సాయుధులు చెఱబట్టి, ఒక ప్రయాణికుని జంపిరి; దాని ఫలితముగ 1988లో రోము నగరమున ఒక అంతర్జాతీయ ఒడంబడిక పుట్టెను. 2004 జులైనుండి ఓడలకును రేవులకును భద్రతానియమావళి యొకటి ప్రపంచమంతట అమలులోనికి వచ్చెను. ఆ మరుసటి యేడు నవంబరులోనే సీబోర్న్ స్పిరిట్ అను విహారనౌకపై సోమాలియా తీరమున ఓడదొంగలు చిన్నపడవలలో వచ్చి రాకెట్టు గ్రెనేడులు ప్రయోగించిరి. నౌక వేగము పెంచి, చెవులు బద్దలగు ధ్వని పుట్టించు యంత్రమును వారిపై ద్రిప్పి తప్పించుకొనెను. సోమాలియాలో 1991లో కేంద్రప్రభుత్వము కూలిపోయినదను సంగతి ఇచ్చట గమనింపదగును. తీరమున ధర్మము నడపువాడు లేనిచోటనే కడలిదొంగ గూడు కట్టుకొనెను. గణపతిదేవుడు కుదుటపఱచినది ఆ తీరమునే. అతని హద్దు అదియే, అతని ఘనతయు నదియే.

శాసనము వేయించిన పిదప అతడు పదునెనిమిదేండ్లు పాలించెను. నెల్లూరు మనుమసిద్ధి రాజ్యము గోల్పోగ తిక్కనసోమయాజి ఓరుగంటికి రాయబారము వచ్చి సహాయము కోరెనని ప్రతీతి. కాకతీయసేన దక్షిణమునకు నడచి అతనిని మరల నిలిపెను. గణపతి శైవగురువు విశ్వేశ్వరశివాచార్యునకు కృష్ణాతీరమున మందడము గ్రామము దాన మిచ్చెను. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాశాల నడచిన వైనము 1261 నాటి మల్కాపురశాసనమున గలదు. చివరియేండ్లలో దెబ్బయు తినెను. ముత్తుకూరు యుద్ధమున జటావర్మ సుందరపాండ్యుడు కాకతీయసేనల నోడించెను. కొడుకులు లేని యా వృద్ధుడు రాజ్యమును కూతురు రుద్రమదేవి చేత బెట్టెను.

ఆమె నాటి మోటుపల్లినే మార్కోపోలో ముత్ఫిలి యని పేర్కొనెను. సాలెగూటివంటి సన్నవస్త్రములను, వజ్రములను, న్యాయముగ నేలుచున్న రాణిని కొనియాడెను. ఆమె రాజు కూతురని యెఱుగక భార్యయని వ్రాసెను. రుద్రమ మరణమును దెలుపు 1289 నాటి శాసనము దొరకినది నల్లగొండ మెట్టలలోని చందుపట్లలోనే.

ఓరుగల్లు 1323లో పడిపోయెను. తీరము రెడ్డిరాజుల చేతికి వచ్చెను. 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరియొక శాసనము వేయించి, వర్తకులు తమ యిష్టానుసారము వచ్చి పోవచ్చుననియు, సంతులేక మరణించినవారి యాస్తిని రాజు హరింపడనియు ప్రకటించెను. తరువాతి శతాబ్దులలో వర్తకము మచిలీపట్నమునకు తరలిపోయెను. మోటుపల్లి నేడు బాపట్ల జిల్లా చినగంజాము మండలములో నొక పల్లె.