హెన్రీ మాడ్‌స్లే

హెన్రీ మాడ్‌స్లే (ఆగష్టు 22, 1771 - ఫిబ్రవరి 14, 1831) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ యంత్ర నిర్మాత. యంత్రాలను తయారుచేసే యంత్రాలకు, అనగా మెషిన్ టూల్స్‌కు, కచ్చితత్వాన్ని సమకూర్చినవారిలో ఈయన అగ్రగణ్యుడు. పనివాని చేతిలో ఉండిన నైపుణ్యాన్ని యంత్రపు అమరికలోనికి మార్చడం ఈయన సాధించిన ముఖ్య విజయం. నేడు పాఠశాలల కార్యశాలలలో విద్యార్థులు స్వయంగా బిగించి కొయ్య చెక్కడానికి వాడే సి.ఎన్.సి. రూటరు యంత్రంలో మరలు, జారుడు బల్లలు చేసే పని ఈయన లేత్ యంత్రంలో అవి చేసిన పనే.

బాల్యము

మాడ్‌స్లే లండన్ సమీపంలోని వూలిచ్‌లో జన్మించాడు. తండ్రి సైన్యంలో బండిచక్రాలు చేసే పనివాడు. గాయపడిన తరువాత అక్కడి రాయల్ ఆర్సెనల్ అనే ఆయుధాగారంలో సామాను భద్రపరిచే ఉద్యోగంలో చేరాడు. ఏడుగురు సంతానంలో మాడ్‌స్లే ఐదవవాడు. 1780లో తండ్రి మరణించాడు. పన్నెండేళ్ళ వయసులో ఈ బాలుడు ఆయుధాగారంలో తూటాలకు మందు నింపే పనికి కుదిరాడు. రెండేళ్ళ తరువాత వడ్రంగి శాలకు, అక్కడినుండి కమ్మరి కొలిమికి మారాడు. బడి చదువు అంతంత మాత్రమే.

బ్రామా కార్యశాలలో

ఆ రోజులలో జోసెఫ్ బ్రామా అనే ప్రసిద్ధుడు ఎవరూ తెరవలేని తాళాన్ని రూపొందించి 1784లో పేటెంటు పొందాడు. దాని లోపలి భాగాలు అతి సూక్ష్మమైనవి కావడంతో చేతిపనితో తయారుచేయడం కష్టమైనది, ఖర్చుతో కూడినది. 1789లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, మాడ్‌స్లే ఆయన వద్ద చేరాడు. నియమం ప్రకారం ఏడేళ్ళ శిష్యరికం పూర్తిచేయనివానికి అక్కడ స్థానం లేదు. కాని అరిగిపోయిన ఒక వైస్‌ను సాయంత్రంలోగా బాగుచేసి చూపడంతో పాత పనివారు ఇతనిని అంగీకరించారని చెబుతారు. బ్రామా తన దుకాణం కిటికీలో 200 గినీల పందెంతో ప్రదర్శించిన తాళం మాడ్‌స్లే చేసినదే. దానిని 1851లో గాని ఎవరూ తెరవలేకపోయారు. ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ అందుకు 50 గంటలకు పైగా శ్రమించాడు.

బ్రామా నీటిపీడన యంత్రం (హైడ్రాలిక్ ప్రెస్) నీరు కారకుండా పనిచేయడానికి కావలసిన తోలు పట్టీని కూడా మాడ్‌స్లేయే సమకూర్చాడని అంటారు. పేటెంటు మాత్రం యజమానిదే. 1791లో మాడ్‌స్లే బ్రామా ఇంట పనిచేసే సారా టిండెల్‌ను వివాహమాడాడు. కుటుంబం పెరిగింది. కార్యశాల మొత్తానికి పెద్దమేస్త్రిగా ఉన్నా వారానికి 30 షిల్లింగులే జీతం. పెంచమని అడిగితే బ్రామా నిరాకరించాడు. 1797లో మాడ్‌స్లే ఉద్యోగం వదలి ఆక్స్‌ఫర్డ్ వీధి సమీపంలో సొంత దుకాణం తెరిచాడు. మొదట వచ్చిన పని ఒక చిత్రకారుని బొమ్మలపీటకు ఇనుప చట్రం.

మర కోసే లేత్ యంత్రం

మన వడ్రంగులు తరిమెన అని పిలిచే సాధనంలో వస్తువు తిరుగుతూ ఉంటుంది, ఉలి పనివాని చేతిలో ఉంటుంది. చేయి వణికితే పని చెడుతుంది. ఇనుముపై ఈ విధంగా పనిచేయడం మరీ కష్టం. మాడ్‌స్లే ఉలిని చేతినుండి తప్పించి, ఇనుప పట్టాలపై జారే దిమ్మెకు (స్లైడ్ రెస్ట్) బిగించాడు. ఆ దిమ్మెను ఒక పొడవైన మర ముందుకు నడుపుతుంది. 1800 ప్రాంతపు యంత్రంలో ఆ మరను తిరిగే వస్తువుతో పళ్ళచక్రాల ద్వారా అనుసంధించాడు. చక్రాలను మారిస్తే చాలు, ఒకే యంత్రంపై వేర్వేరు చుట్లు గల మరలు కోయవచ్చును.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం కలుగవచ్చును. మంచి మర కోయడానికి మంచి మర కావాలంటే, మొట్టమొదటి మర ఎలా వచ్చింది? మాడ్‌స్లే మెత్తని లోహం లేదా కొయ్య కడ్డీని తిప్పుతూ, దానికి ఏటవాలుగా ఒక కత్తి అంచును ఒత్తిపట్టి చుట్టు గీయించాడు. అలా వచ్చిన మరలలో మేలైనదానిని ఎంచి, దోషాలు సవరించి, దానితో మరింత మంచిది కోశాడు. ఓర్పు తప్ప ఇందులో రహస్యమేమీ లేదు.

స్లైడ్ రెస్ట్, మర కోసే లేత్ రెండూ మాడ్‌స్లేయే తొలిసారి కనుగొన్నాడని కొన్ని పుస్తకాలు వ్రాస్తాయి. అది సరికాదు. ఫ్రాన్సులో వోకాన్సన్, ఇంగ్లాండులో జెస్సీ రామ్స్‌డెన్ వంటివారు అంతకు ముందే అటువంటివి నిర్మించారు. పూర్తిగా ఇనుముతో, దృఢంగా, నిత్యం వాడుకొనే సాధనంగా దానిని తీర్చిదిద్దిన ఘనత మాత్రం మాడ్‌స్లేకు చెందుతుంది.

పోర్ట్స్‌మత్ గిలకల యంత్రాలు

తెరచాప ఓడలకు త్రాళ్ళు లాగే కొయ్య గిలకలు అసంఖ్యాకంగా కావాలి. బ్రిటిష్ నౌకాదళానికి ఏటా సుమారు లక్ష అవసరమయ్యేవి. వీటిని యంత్రాలతో చేయాలని మార్క్ బ్రూనెల్ తలపెట్టాడు. ప్రయోజనం చెప్పకుండా పటాలు మాత్రమే చూపగా, మాడ్‌స్లే కొద్దిరోజులలోనే అవి గిలకల కోసమని గ్రహించాడంటారు. 1802 - 1806 మధ్య 40కి పైగా యంత్రాలను నిర్మించి పోర్ట్స్‌మత్ రేవులో నెలకొల్పారు. 110 మంది నిపుణులు చేసే పనిని 10 మంది సామాన్య పనివారు చేయగలిగారు. గిలకలు చేసే వృత్తిని నమ్ముకున్నవారికి ఇది ఎంతటి దెబ్బో ఊహించవచ్చును.

వీటిలో ఒక యంత్రం ప్రత్యేకంగా గమనించదగినది. ఒక పెద్ద చక్రం అంచున పది కొయ్య దిమ్మెలను బిగించి తిప్పేవారు. వాటిని చెక్కే ఉలి ఒక ఇనుప మచ్చు (టెంప్లేట్) వంపును అనుసరించి కదిలేది. పనివాడు ఆకారాన్ని కంటితో నిర్ణయించనక్కరలేదు.

కొలత

ఆనాడు ఏ నట్టు ఏ బోల్టుకు చేశారో దానికే సరిపోయేది; జత తప్పితే పనికిరాదు. మాడ్‌స్లే తన కార్యశాలలో నట్లకు, బోల్టులకు ఒకే ప్రమాణపు కొలతలు నిర్ణయించాడు. పనివారి బల్లలపై సమతల ఫలకాలు ఉంచి, చేసిన భాగాలను వాటిపై సరిచూసుకొమ్మనేవాడు. అంగుళంలో పదివేలవ వంతును కొలవగల సూక్ష్మమాపకాన్ని తయారుచేశాడు. తగవు వచ్చినపుడు అంతిమ తీర్పు దానిదే కనుక పనివారు దానికి లార్డ్ ఛాన్సలర్ అని న్యాయాధిపతి పేరు పెట్టుకున్నారు.

కార్యశాలే పాఠశాల

1810లో కార్యశాల లాంబెత్‌కు మారింది. ఇక్కడ పనిచేసినవారి జాబితా చూస్తే ఇది కర్మాగారమా, కళాశాలా అనిపిస్తుంది. లోహపు ఉపరితలాన్ని చదునుచేసే ప్లేనింగ్ యంత్రం నిర్మించిన రిచర్డ్ రాబర్ట్స్, బాబేజ్ గణన యంత్రానికి భాగాలు చేసిన జోసెఫ్ క్లెమెంట్, 1841లో మరచుట్లకు దేశవ్యాప్త ప్రమాణం ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్ ఇక్కడివారే.

ఆవిరి సుత్తి నిర్మాత జేమ్స్ నాస్మిత్ చేరిన తీరు ఉపాధ్యాయులు తెలుసుకోదగినది. రుసుము చెల్లించి చేరిన ధనికుల పిల్లలు శ్రద్ధ చూపక విసిగించడంతో, ఇక శిష్యులను తీసుకోరాదని మాడ్‌స్లే నిశ్చయించుకున్నాడు. 1829లో ఎడింబరో నుండి వచ్చిన నాస్మిత్‌కూ అదే జవాబు దొరికింది. అయితే ఆ యువకుడు స్వయంగా నిర్మించిన చిన్న ఆవిరియంత్రాన్ని, తాను గీసిన పటాలను వెంట తెచ్చాడు. వాటిని పరిశీలించిన మాడ్‌స్లే అతనిని శిష్యునిగా కాక, జీతమిచ్చి తన సహాయకునిగా నియమించుకున్నాడు.

ఆవిరి యంత్రాలు, చివరి దినాలు

1807లో బల్ల ఆకారపు ఆవిరియంత్రానికి మాడ్‌స్లే పేటెంటు పొందాడు. తరువాత సంస్థ ఓడల యంత్రాలకు పేరుగాంచింది. 1825లో ఇంగ్లాండు నుండి కలకత్తా చేరిన ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ యంత్రాలు ఈ సంస్థవే. థేమ్స్ నది క్రింద సొరంగం త్రవ్వడానికి బ్రూనెల్ వాడిన ఇనుప కవచం కూడా ఇక్కడే తయారైంది.

చివరి సంవత్సరాలలో ఖగోళశాస్త్రంపై మక్కువ పెంచుకొని పెద్ద దూరదర్శిని నిర్మించాలని తలచాడు. ఆ కోరిక తీరలేదు. ఫ్రాన్సులో మిత్రుని చూసి తిరిగివస్తూ, సముద్రం దాటేటప్పుడు జలుబుచేసి 1831 ఫిబ్రవరి 14న మరణించాడు. వూలిచ్ చర్చి ఆవరణలో, తానే రూపకల్పన చేసిన పోత ఇనుప స్మారకం క్రింద సమాధి చేశారు.

తరువాతి కాలము

ఈయన లేత్ యంత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ (ఎం.ఐ.టి.) అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. పోర్ట్స్‌మత్‌లో ఇనుప మచ్చు చేసిన పనిని ఇందులో రంధ్రాలు చేసిన కాగితపు పట్టీ చేసింది. ఆ స్థానం కంప్యూటరుకు దక్కినపుడు సి.ఎన్.సి. అనే పేరు వచ్చింది.

పాఠశాలలో నిర్మించే చిన్న రూటరులో లెక్క సులభం. మోటారు 200 అడుగులలో ఒక చుట్టు తిరుగుతుంది. మర ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగితే, ఒక్కొక్క అడుగుకు ఉలి 0.025 మిల్లీమీటరు కదులుతుంది. పళ్ళచక్రాలు మార్చే బదులు విద్యార్థి అంకె మారుస్తాడు. కాని మరకు, నట్టుకు మధ్య వదులుంటే గుండ్రంగా రావలసిన రంధ్రం వంకరగా వస్తుంది. అప్పుడు లెక్కను ఎంత సరిచూసినా ఫలితముండదు, యంత్రాన్ని విప్పి నట్టును బిగించవలసిందే.