రహీం సాహెబు

అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవి వచ్చునప్పటికి చెరువులు ఎండి, నేల బండవలె గట్టిపడును. అయినను ఆ ఎఱ్ఱనేలపై సాయంకాలము బాలురు బంతిని తన్నుచు పరుగులిడుటకు లోటు లేదు. ఫుట్‌బాలునకు పచ్చిక లేకున్నను జరుగును, చెప్పులు లేకున్నను జరుగును. ఒక బంతియు, కొంత చదునైన నేలయు చాలును. ఆ పట్టణమున గ్రామీణాభివృద్ధి సంస్థ నెలకొల్పిన క్రీడాగ్రామమున పల్లెల బాలబాలికలెందరో ఈ ఆటను క్రమముగ నేర్చిరి. వట్టికాళ్లతో ఆడ నేర్చిన బాలునకు మొదటిసారి బూట్లు తొడిగినచో కాలు తనది కానట్లు తోచును. ఒకప్పుడు మన దేశపు జట్టే ఇట్టి చిక్కులో పడెను. దానిని నడపినవాడు దక్కను పీఠభూమికే చెందిన ఒక ఉపాధ్యాయుడు, సయ్యద్ అబ్దుల్ రహీము.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. చదువు ముగించి ఉపాధ్యాయవృత్తి చేపట్టి, కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసెను. వ్యాయామవిద్యలో డిప్లొమా పొందెను. పాఠశాలలు మారినను సాయంకాలపు ఆట మాత్రము మారలేదు. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియైన పిమ్మట బాలురకు ఆయన ఏర్పరచిన పోటీలు వింతగా నుండెడివి. ఒకదానిలో బలము తక్కువైన కాలితోనే బంతిని తన్నవలెను. మఱియొకదానిలో బంతిని తనయొద్ద నిలుపుకొనక వెంటనే తోటివానికి అందింపవలెను. పొట్టివారికి ప్రత్యేకముగ ఇంకొక పోటీ. లెక్కలలో వెనుకబడిన పిల్లవానిచేత లెక్కలే ఎక్కువగ చేయించు పంతులుగారి పద్ధతి ఇది. జనులు ఆయనను రహీం సాహెబని పిలిచెడివారు.

హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆయన శిక్షణలో దేశమునకే మేటి జట్టయ్యెను. బొంబాయిలో జరిగెడి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచెను. భారత జట్టునకు శిక్షకత్వము కూడ ఆయనకే లభించెను. 1951లో న్యూఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగినపుడు మన జట్టు తుదిపోటీలో ఇరానును 1-0 తేడాతో ఓడించి స్వర్ణపతకము పొందెను.

శిక్షకుని పదవి విచిత్రమైనది. ఆట ఆరంభమైన పిమ్మట అతడు బంతిని తాకరాదు. కాని ఓటమి కలిగినచో నింద మొదట అతనిపైననే పడును. వరుసగా కొన్ని ఓటములు వచ్చినంతనే శిక్షకునకు ఉద్వాసన చెప్పుట ఐరోపాలోని పెద్ద జట్లలో సామాన్యము. గెలుపు ఆటగాండ్రది, ఓటమి శిక్షకునిది!

రహీమునకు ఆ కష్టము మరుసటి యేడే వచ్చెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మన జట్టును 10-1 తేడాతో ఓడించెను. ఆ చలిదేశపు పచ్చికపై మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతోనే ఆడిరి. అటుపిమ్మట బూట్లు తొడుగుట తప్పనిసరియని అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య నియమము చేసెను. రహీము సాకులు వెదకలేదు. ఆ క్రీడలలో విజేతయైన హంగేరీ జట్టు ఆటతీరును శ్రద్ధగా పరిశీలించెను. ముందువరుసలో నడుమ నుండు ఆటగాడు కొంత వెనుకకు జరిగి ఆడు పద్ధతిని గ్రహించి మనవారికి నేర్పెను.

దాని ఫలము 1956లో మెల్‌బోర్నున కనబడెను. ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డపైననే మనవారు 4-2 తేడాతో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశము మనదే. అచట మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. ఈసారి మొదటి గోలు మనవారు చేసిరి. తుదకు 4-1 తేడాతో ఓడిరి. నాలుగవ స్థానము దక్కెను.

ఇంత చేసినను 1958లో టోక్యో ఆసియా క్రీడలకు శిక్షకుడుగ వెళ్లినది రహీము కాదు, టి. షణ్ముగము. రహీము మాత్రము తన హైదరాబాదు కుఱ్ఱవాండ్రతో పని మానలేదు. 1960 నాటి రోము ఒలింపిక్ క్రీడలకు భారత జట్టు మరల ఆయన చేతికి వచ్చెను. సికిందరాబాదు ప్రాంతమువాడైన తులసీదాస్ బలరాము అచట హంగేరీపై గోలు చేసెను. ఫ్రాన్సుతో ఆట 1-1గా సమమయ్యెను. ఆ జట్టులో రహీము కుమారుడు హకీము కూడ ఉండెను గాని, ఒక్క ఆటలోనైన అతడు బరిలోనికి దిగలేదు. తండ్రి చేతిలో జట్టున్నప్పుడు ఇట్లు జరుగుట అరుదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు బయలుదేరునప్పటికే రహీము ఆరోగ్యము క్షీణించియుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓటమి. థాయిలాండుతో ఆడునపుడు రక్షకుడైన జర్నైల్ సింగు తల పగిలి కుట్లు పడెను. వేఱొక శిక్షకుడైనచో అతనిని పడకపై నుంచి, ఉన్నవారితో సర్దుకొనియుండును. రహీము అతనిని కట్టుతోనే సెమీఫైనలున ముందువరుసలో నిలిపెను. దక్షిణ వియత్నాముపై అతడు గోలు చేసెను, జట్టు 3-2 తేడాతో గెలిచెను.

సెప్టెంబరు 4వ తేదీ తుదిపోటీ. ఎదురుగ మరల దక్షిణ కొరియా. ఇజ్రాయెలును, తైవానును ఆ క్రీడలకు రానీయకపోవుటను భారత క్రీడాధికారి ఒకరు ఆక్షేపించియుండుటచే అచటి జనులు మనపై కోపించియుండిరి. లక్షకు చేరువైన ప్రేక్షకులు మన ఆటగాండ్రను చూచి కేకలు వేసిరి. ఆ హోరులోనే పి. కె. బెనర్జీయు, తలకు కుట్లున్న జర్నైల్ సింగును గోలులు చేసిరి. కడపట కొరియావారు ఒక గోలు చేసినను, మనవారు 2-1 తేడాతో స్వర్ణము గెలిచిరి.

రహీము ఇంటికి వచ్చిన పిదప కోలుకొనలేదు. 1963 జూన్ 11వ తేదీన క్యాన్సరు వ్యాధితో మరణించెను. భారత జట్టు 1970లో ఆసియా క్రీడలలో కాంస్యపతకము తెచ్చెను. ఆ తరువాత 2023లో హాంగ్‌ఝౌన జరిగిన క్రీడల వరకును ఫుట్‌బాలులో మన దేశమునకు మఱియొక ఆసియా స్వర్ణము రాలేదు.