బట్టమేక పిట్ట కోసం తపించిన సలీం అలీ

1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన సలీం అలీ పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగారు. పదేళ్ల వయసులో ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ! ఇది తినడం హలాలేనా అని సందేహం కలిగింది. మేనమామ రాసిచ్చిన చీటీ పట్టుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. ఆ తరువాత జీవితమంతా పక్షులతోనే గడిచింది.

డిగ్రీ లేదు, ఉద్యోగమూ నిలవలేదు. ఆ తీరికలోనే గిజిగాడి గూళ్ల గుట్టు విప్పారు. మా మలికిపురం తాటిచెట్లకు వేలాడేవీ ఆ గూళ్లే. 1931-32లో భార్య తెహ్మీనాతో కలసి నిజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిపారు.

బట్టమేక పిట్టను జాతీయ పక్షిగా ప్రకటించాలని ఆయన కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. బట్టమేక సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ వట్టి నేల మీద. బీడు దున్నితే దాని వంశానికే ముప్పు. పైరును తినే మిడతలను అది తింటుందన్న సంగతి రైతుకు ఎవరు చెబుతారు?

1980వ దశకంలో సొసైటీ పరిశోధకులు కర్నూలు జిల్లా రోళ్లపాడులో ఈ పక్షిని అధ్యయనం చేశారు. సలీం అలీ 1987 జూన్ 20న కన్నుమూశారు. మరుసటి ఏడు రోళ్లపాడు అభయారణ్యమైంది. కాలువ నీళ్లొచ్చాక చుట్టూ బీళ్లు పొలాలయ్యాయి. నేడక్కడ బట్టమేక కనిపించడమే గగనం. దేశం మొత్తంలో మిగిలినవి నూట యాభైకి అటూ ఇటూ, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే.