కూబెర్తాన్ చదివిన పుస్తకం

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు బడులలో ఏ వాచకమైనను తెరచి చూడండి. ఆటల బొమ్మ ఉన్న పుటయే తక్కిన వాటికంటె ముందుగా నలిగి ఉంటుంది. అట్టి పుటలు ఒక మనిషి జీవితాన్నే నడిపించిన వైనం పియేర్ ది కూబెర్తాన్ చరిత్రలో కనిపిస్తుంది.

మన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన 1863లోనే, జనవరి 1న, ఆయన పారిస్ నగరంలో ఒక ప్రభు కుటుంబాన జన్మించినాడు. 1870–71 యుద్ధంలో ఫ్రాన్సు ప్రష్యాకు ఓడిపోయిననాటికి పసివాడు. ఆ పరాభవం ఫ్రెంచి బడి స్వరూపాన్నే మార్చివేసినది. వాచకాలలో దేశభక్తి పాఠాలు నిండినవి. 1880లో బాలురకు వ్యాయామశిక్షణ నిర్బంధమైనది. 1882లో బడులలో బాలసైనిక దళాలు వెలసి, కొయ్య తుపాకులతో కవాతు చేసినవి. అది సిపాయిని తయారుచేయు సాధనమే కాని ఆట కాదు.

కూబెర్తాన్‌కు ఆట వేరొక పుస్తకంలో దొరికినది. థామస్ హ్యూస్ అను ఆంగ్లేయుడు 1857లో ప్రకటించిన టామ్ బ్రౌన్ కథ 1875లో ఫ్రెంచిలోకి వచ్చినది. రగ్బీ పాఠశాలలో చేరిన తొలినాడే టామ్ బంతియాటలోకి దూకుతాడు. కథ ముగియునప్పటికి క్రికెట్ జట్టుకు నాయకుడై నిలుస్తాడు. ఈ కథ చదివిన బాలుడు దానిని మరువలేదు. 1883లో ఇంగ్లండు వెళ్లి అక్కడి బడులను చూచినాడు. మరొక పర్యాయం రగ్బీ ప్రార్థనామందిరంలో, ఆ కథలోని ప్రధానోపాధ్యాయుడు ఆర్నాల్డు సమాధి ముందు భక్తితో నిలిచినాడు.

ఇందులో ఒక చమత్కారమున్నది. 1842లో మరణించిన ఆర్నాల్డుకు శీలశిక్షణపైన, మతబోధపైన ఉన్నంత శ్రద్ధ ఆటలపైన లేదు. ఆయనను క్రీడాగురువుగా నిలిపినది చరిత్ర కాదు, నవల. చరిత్రకారులు కూబెర్తాన్‌ను ఈ విషయంలో తప్పుపట్టుదురు, పట్టవలసినదే. కాని ఆ పొరపాటు ఎంతటి పని చేయించినది! 1888లో బడులలో ఆటల వ్యాప్తికై సంఘం పెట్టించినది. 1894లో సోర్బాన్‌లో మహాసభ జరిపించినది. 1896లో ఏథెన్సులో ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరింపజేసినది.

స్త్రీలు పోటీలలో పాల్గొనుటను మాత్రం ఆయన కడవరకు ఒప్పుకొనలేదు. టామ్ బ్రౌన్ బడిలో బాలికలు లేరు గదా!

1912లో స్టాక్‌హోమ్ క్రీడలతోపాటు సాహిత్యపోటీ జరుగగా, మారుపేర్లతో పంపిన ఆయన గీతానికే స్వర్ణపతకం వచ్చినది. సొంత ఆస్తి చాలవరకు కరగిపోయిన పిదప, 1937 సెప్టెంబరు 2న జెనీవాలో మరణించినాడు. దేహాన్ని లోజాన్‌లో ఖననం చేసినారు. హృదయాన్ని మాత్రం ఆయన కోరిక ప్రకారం 1938లో గ్రీసుదేశపు ఒలింపియాలో, ఒక స్మారకస్తంభంలో భద్రపరచినారు.